మాచర్ల క్వారీలో ఇటలీ ఓటు, గ్రీసు ఓటు

హాజరైనవారు: మగవాళ్ళు ఇరవై ఐదుగురు, ఆడవాళ్ళు పద్దెనిమిది మంది, లెక్కలోకి రాని నేను. ఉన్న వస్తువులు: మట్టి బానలు రెండు, వాటి మూతులకు కట్టిన గోనెగుడ్డలు, మిలటరీ టార్పాలిను ఒకటి, దాన్ని నిలబెట్టడానికి నాలుగు గడ్డపారలు, నాపరాతి పెచ్చులు ఎనభై ఆరు, నా నోటుపుస్తకం, పెన్సిలు. స్థలం: మాచర్లకు రెండు మైళ్ళ దూరంలో ఒక నాపరాతి క్వారీ. కాలం: పందొమ్మిది వందల నలభై ఆరు, దీపావళి అమావాస్య వెళ్ళాక వచ్చిన విదియ, ఉదయం. అమావాస్య నాడు పని ఉండదు గనక ఆ రోజే పెట్టుకుందామన్నాను. అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టరన్నారు. పాడ్యమి అసలే పనికిరాదన్నారు. అలా విదియ అయింది.

ఆ రోజు తేలవలసిన విషయం ఒక్కటే. పొద్దున్నే ఎవరు ఏ పొర మీద పని చెయ్యాలో చెప్పే హక్కు ఇక ముందు కూడా మేస్త్రీదేనా, లేక వంతుల ప్రకారం కూలీల ముఠా అంతా పంచుకోవాలా? ఆ హక్కు మేస్త్రీ తాత దగ్గర మొదలై, తండ్రి మీదుగా ఆయనకు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని ఓటుకు పెట్టాలన్న ఆలోచన ఇటలీ నుంచి వచ్చింది. పెట్టడానికి ఆయన ఒప్పుకోవడం గ్రీసు చలవ. ఈ రెండు దేశాలూ మాచర్ల దాకా ఎలా వచ్చాయో చెబుతాను.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. మాది నరసరావుపేట. ఓవర్సీరు పరీక్ష ప్యాసై ఏడాది కాలేదు. రోడ్డు కల్వర్టులకు పలకలు సప్లై చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర కొలతలు రాసే పనికి కుదిరాను. పొడవు, వెడల్పు, మందం, పగులు ఉందా లేదా: నాలుగు గడులు. నెల తిరిగేసరికి ఏ సంగతి విన్నా గడులు గీసి రాసుకోవడం అలవాటైపోయింది. ఇంటికి ఉత్తరం కూడా గడుల్లోనే రాశావేమిటని మా నాన్న ఒకసారి అడిగాడు.

నాపరాయి భూమిలో పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. పైపొర ఎండకూ వానకూ పాలిపోయి తెల్లగా, లోపలి పొర నల్లగా ఉంటుంది. మగవాళ్ళు గడ్డపారలతో పొర లేపి, ఉలితో అంచులు సరిచేస్తారు. ఆడవాళ్ళు పలకలను బళ్ళ దగ్గరకు, పనికిరాని ముక్కలను దిబ్బకు మోస్తారు. మంచిపొరలో గడ్డపార దూర్చి అదిమితే పలక పలకగా లేస్తుంది. చెడ్డపొరలో రోజంతా కొట్టినా ముక్కలే. కూలి పలకల లెక్కన. అందుకని పొద్దున్నే మేస్త్రీ "నువ్వు ఆడ, నువ్వు ఈడ" అనడంతోనే ఆ రోజు ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతుందో తేలిపోయేది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ ముఠాలో తన ఈడు ముసలాయనకు తప్ప ప్రతివాడికీ ఉలి పట్టడం నేర్పింది ఆయనే. కాకపోతే ఆయనకు ఎవరి మీదైనా కోపం వస్తే, ఆ మనిషి వారం రోజులు చెడ్డపొరలో ఉండేవాడు. ఆడమనిషి అయితే దూరపు దిబ్బకు మోసేది.

ఆ ఏడాది ఉగాది దాటాక ఆయన మేనల్లుడు సైన్యం నుంచి తిరిగివచ్చాడు. ఆరేళ్ళ కిందట మామతో మాట పట్టింపు వచ్చి బెంగుళూరు వెళ్ళి, వంతెనలు కట్టే దళంలో చేరాడు. ఈజిప్టులో కొంతకాలం, ఇటలీలో ఒక ఏడాది, గ్రీసులో ఏడాదికి పైగా ఉన్నాడు. వెళ్ళేటప్పుడు వేలిముద్ర వేసినవాడు, వచ్చేటప్పుడు సంతకం చేస్తున్నాడు. అందరూ అతన్ని మిలట్రీ అనే పిలిచేవాళ్ళు. అతని అక్క, భర్త పోయిన మనిషి, ముఠాలోనే రాయి మోసేది. నాలుగేళ్ళుగా ఆమెకు దూరపు దిబ్బే.

మధ్యాహ్నం అన్నాలు తిని పలకల దొంతి నీడలో కూర్చున్నప్పుడు నేను మిలట్రీని ప్రశ్నలు అడిగేవాణ్ణి. నోటుపుస్తకంలో ఒక పేజీ మీద నిలువుగా గీత గీసి, ఎడమవైపు ఇటలీ, కుడివైపు గ్రీసు అని రాసుకున్నాను. మొదటి ప్రశ్న తిండి గురించి.

"ఇటలీలో ఏం తింటారు?"

"సేమ్యా, ఓవర్సీరు గారూ."

అందరూ నవ్వారు.

"నవ్వుతారేంది? రంజానుకి స్టేషను కాడ టీకొట్టు సాయిబు గారింట్లో ఆడోళ్ళు దండెం మీద సేమ్యా ఆరేస్తారా లేదా? ఆడ కొన్ని ఊళ్ళల్లో ఈధి పొడుగూతా అట్టానే ఆరేస్తారు. కొన్నైతే మన చిటికెనవేలంత లావు. చక్కెర మాత్రం వెయ్యరు. టమాటా రసం పోసుకుని తింటారు."

"చక్కెర లేని సేమ్యానా!" అన్నాడు మేస్త్రీ. "అట్టాంటి ఊరు గెలవడానికేనంట్రా మీరు ఆరేళ్ళు కొట్లాడింది?"

ఇటలీ గడి నిండుతూ వచ్చింది. తల్లి మాట మీద ఇల్లు నడుస్తుంది. కొడుకుకు పెళ్ళై పిల్లలు పుట్టినా తల్లి వండింది తప్ప ముట్టడు. ద్రాక్షసారా నీళ్ళలా తాగుతారు కానీ తాగి పడిపోయినవాణ్ణి చూసి సిగ్గుపడతారు. రొట్టెకు రేషను కార్డు. రేషనులో దొరకనిది చాటుగా నాలుగింతల ధరకు దొరుకుతుంది. దక్షిణాన రైతులు భూమి లేని కౌలుదార్లు, పంటలో సగం భూస్వామికి. "అది మన పల్నాడే గదా" అని ఎవరో అన్నారు. నేను దాన్ని కూడా రాసుకున్నాను, కానీ పెన్సిలు అదమకుండా, తేలిగ్గా.

అన్నింటికంటే నన్ను పట్టుకున్నది ఒక సంగతి. ఉత్తరంగా, తూర్పు సముద్రం వైపు కొండల కింద ఒక ఊరి దగ్గర మిలట్రీ దళం కూలిన వంతెన మళ్ళీ కడుతూ ఉంటే, ఆ ఊరి కూలీలు సాయానికి వచ్చారట. వాళ్ళకు కాంట్రాక్టరు లేడు. కూలీలే కలిసి తాతల నాడు పెట్టుకున్న సంఘం ఒకటి ఉంది. మధ్యలో ఇరవై ఏళ్ళు ఏలిన ప్రభుత్వం ఆ సంఘాన్ని తన మనుషుల చేతిలో పెట్టింది. ఆ ప్రభుత్వం పడిపోగానే కూలీలు మళ్ళీ తమ చేతిలోకి తీసుకున్నారు. ఏడాదికొకసారి పెద్దను వాళ్ళే ఎన్నుకుంటారు. ఎవరు ఎక్కడ తవ్వాలో ఒక చెక్కబల్ల మీద వంతుల ప్రకారం రాసి ఉంటుంది.

"వంతు ప్రకారం చేతగానోడికి మంచిపొర వొస్తే ఏం చేస్తారంట?" అన్నాడు మేస్త్రీ.

"తెల్లారి చెడ్డపొర వొస్తది మావా. వంతంటే అదే గదా."

మేస్త్రీ చుట్ట వెలిగించుకున్నాడు. మిలట్రీ అక్క మాత్రం తమ్ముణ్ణి ఆ బల్ల ఎంత పొడవు, ఎక్కడ వేలాడదీస్తారు అని అడిగింది. ఆమెకు చదవడం రాదు. ఆడవాళ్ళ పేర్లకు కూడా చోటు పడుతుందా అని చూసుకుంటోందని నాకప్పుడు తోచలేదు.

గ్రీసు గురించి అడిగితే మిలట్రీ ముందు జేబులోంచి ఒక నోటు తీశాడు. నేను సున్నాలు లెక్కపెట్టాను. ఒకటి పక్కన పదకొండు. మన లెక్కలో పదివేల కోట్లు. నోటు చేతులు మారి మారి మేస్త్రీ దగ్గరకు వెళ్ళింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"దీనికేం వొస్తదిరా?"

"నేను దిగేసరికి పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చేది."

మూడేళ్ళకు పైగా జర్మనీ చేతిలో నలిగి, ఒక చలికాలం వీధుల్లో ఆకలితో మనుషులు రాలిపోయి, దొరతనం నోట్లు అచ్చు కొడుతూ పోయి, చివరికి పాత నోట్లు ఐదువేల కోట్లకు ఒక్క కొత్త నోటు ఇచ్చారట. ఆ లెక్కన మేస్త్రీ చేతిలో ఉన్నది కొత్తవి రెండు. నోటు మీద నమ్మకం పోయాక జనం వస్తువులతోనే బతికారు. డాక్టరుకు ఆలివు నూనె, మంగలికి సిగరెట్లు, ఇంటి అద్దెకు గోధుమపిండి. వాళ్ళ నూనె ఆకుపచ్చగా ఉంటుందనీ, మన నువ్వుల నూనె అలవాటైన నోటికి కాస్త వెగటనీ చెప్పాడు. మాకు జొన్నలు కూలిగా తీసుకోవడం తెలుసు గనక ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. నోటు మీది సున్నాలే వింత.

గ్రీసు ఉత్తరాన సలోనికా రేవు చుట్టుపక్కల పొగాకు పండుతుంది. మన గుంటూరు ఆకులా చేటంత ఉండదు, తమలపాకంతే. ఆడవాళ్ళు దారానికి గుచ్చి ఇళ్ళ ముందు ఆరబెడతారు. మగవాళ్ళు కాఫీకొట్టు ముందు కుర్చీలు వేసుకుని, చిన్న కప్పు కాఫీ, గ్లాసుడు మంచినీళ్ళు పెట్టుకుని పూటంతా కూర్చుంటారు. చేతిలో పూసలదండ తిప్పుతూ ఉంటారు. జపం కాదు, ఊరికే. చిన్న ఊళ్ళో కూడా కాఫీకొట్లు రెండుంటాయి, ఎందుకంటే పార్టీలు రెండు. ఒక పార్టీవాడు రెండో కొట్టులో కాఫీ తాగడు. కాదు అనడానికి మాట వాడరు. తల కాస్త పైకెత్తి నాలుక చప్పరిస్తారు. అది విని మేస్త్రీ తల పైకెత్తి నాలుక చప్పరించి, "ఇట్టానా?" అన్నాడు. అందరూ చప్పరించి చూశారు. మనకూ ఆ అలవాటు ఉందని అప్పుడే గమనించాం.

గుంటూరు బండిలో పేపరు మాచర్లకు ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. జూన్ నెలలో ఒక మధ్యాహ్నం నేనే చదివి వినిపించాను. రాజు కావాలా వద్దా అని ఇటలీలో జనాన్ని అడిగారు. వద్దన్నవాళ్ళు నూటికి సుమారు యాభై నాలుగు. ముసలి రాజు గండం గడుస్తుందేమోనని నెల ముందే కొడుకును గద్దె ఎక్కించాడు. కొడుకు నెలరోజులు ఏలి, విమానమెక్కి దేశం దాటాడు. చదువు రానివాళ్ళకు కూడా తెలిసేలా ఓటు చీటీ మీద రెండు బొమ్మలు: రాజు వద్దంటే ఆడమనిషి తల, కావాలంటే కిరీటం ఉన్న రాజముద్ర. దేశమంతటి ఓటులో ఆడవాళ్ళు పాల్గొనడం అక్కడ అదే మొదటిసారి.

"ఆడోళ్ళు కూడానా?" అంది మిలట్రీ అక్క.

"ఆడోళ్ళు కూడా."

"కొడుక్కిచ్చినా ఒప్పుకోలా?" అన్నాడు మేస్త్రీ.

"ఒప్పుకోలేదు."

"ముసలోడు చానా తొందరపడ్డాడు" అని ఆయన లేచి పనిలోకి పోయాడు.

మర్నాడు మిలట్రీ అందరి ముందూ అన్నాడు, "మావా, మనమూ ఓటు పెట్టుకుందాం. పని పంచేది నువ్వా, వంతుల బల్లా?"

"ఒరేయ్, నాకు కిరీటమెక్కడుందిరా? ఈ తలగుడ్డ తప్ప?" అని మేస్త్రీ నవ్వాడు. కానీ ఆ వారం మిలట్రీని చెడ్డపొరలో వేశాడు. మిలట్రీ అందులోనే పనిచేశాడు. వారం చివర నాతో అన్నాడు, "దసరా దాకా చూస్తా. వీళ్ళు వొద్దంటే అక్కని తీసుకుని బెంగుళూరు పోతా. మళ్ళా ఈ రాయి ముట్టను."

ఆ ముఠాలో అంతకుముందు ఓటు వేసిన మనిషి ఒక్కరూ లేరు. ఆ ఏడాది మొదట్లో జరిగిన రాష్ట్ర ఎన్నికల్లో పన్ను కట్టేవాళ్ళకూ చదువుకున్నవాళ్ళకూ లాంటి కొద్దిమందికే ఓటు. నాకు వయసు చాల్లేదు. అలాంటిచోట వర్షాకాలమంతా ఇదే చర్చ. స్టేషను దగ్గర టీకొట్లు రెండుండేవి. సాయిబు గారి కొట్టు దగ్గర మిలట్రీ వైపువాళ్ళు, గేటు అవతలి కొట్టు దగ్గర మేస్త్రీ వైపువాళ్ళు చేరడం మొదలైంది. మొదటిది ఇటలీ అయింది. రెండోదానికి ఇంకా పేరు లేదు.

సెప్టెంబరులో దానికి పేరు దొరికింది. గ్రీసులోనూ జనాన్ని అదే ప్రశ్న అడిగారు: దేశం దాటి ఉన్న రాజు తిరిగి రావాలా వద్దా? నూటికి అరవై ఎనిమిది మంది రమ్మన్నారు. ఆ వార్త మేస్త్రీ నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"అంటే ఓటేస్తే రాజు పోవాలని రూలేం లేదన్నమాట."

"లేదు" అన్నాను.

"అయితే పెట్టండి ఓటు. గ్రీసోళ్ళకి పెద్దోడి విలువ తెలుసు."

"మావా, నేను ఆణ్ణించే వొచ్చా" అన్నాడు మిలట్రీ. "ఆడ అన్నదమ్ములు కొండలెక్కి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటన్నారు. వాళ్ళు రమ్మంది రాజు మీద ప్రేమతోనో, ఈ చావులు ఆగుతాయన్న ఆశతోనో, నాకైతే తెలవదు."

"ఏదైతే ఏంది? రమ్మన్నారా లేదా?"

మిలట్రీ ఒప్పుకోక తప్పలేదు. నన్ను మాత్రం ఆ సంగతి వదల్లేదు. ఒకే సముద్రం, ఒకే నూనె, ఇద్దరికీ అదే యుద్ధం, అదే ఆకలి, అదే వేసవి, అదే ప్రశ్న. జవాబులు మాత్రం ఎదురెదురు. నా పేజీ అడుగున "కారణం" అని రాసి గడి ఖాళీగా ఉంచాను. తరవాత అందులో మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను.

ఓటు అనుకున్నాక మేస్త్రీ ఇంకొక మెలిక పెట్టాడు. "నేను ఒప్పుకుంది గ్రీసుని చూసి. కాబట్టి గ్రీసు పద్ధతే. ఆడ ఆడోళ్ళు ఓటేశారా?"

మిలట్రీ నేల చూశాడు. "లేదు మావా. ఆ ఓటు మగోళ్ళకే."

"అద్దీ."

మిలట్రీ అక్క తలమీది చుట్టకుదురు తీసి కింద పెట్టింది. "అట్టాగా మావా? అయితే రేపు దిబ్బకి రాయి మొయ్యడానికి గ్రీసోళ్ళనే రమ్మను."

"ఏమే, నోరు లేస్తందే!"

"లేవక? మెడ మీద బరువు దించా గదా."

మర్నాడు పద్దెనిమిది మంది ఆడవాళ్ళూ వచ్చారు, కూర్చున్నారు. మగవాళ్ళు లేపిన పలకలు లేపినచోటే ఉన్నాయి. పదిగంటలకల్లా ముక్కలు పేరుకుని పొర మీద కాలు పెట్టే చోటు లేకపోయింది. బళ్ళవాళ్ళు ఖాళీ బళ్ళు పెట్టుకుని కేకలు. నా నాలుగు గడులూ ఖాళీ. మేస్త్రీ భార్య కూడా ఆడవాళ్ళలోనే కూర్చుని ఉంది. ఆయన ఆమె వైపు రెండుసార్లు చూశాడు. ఆమె తమలపాకు ఈనె తీస్తోంది. మధ్యాహ్నానికి ఆయన, "సరే, వేసి చావండి" అన్నాడు.

ఓటు పద్ధతి తయారుచేసే పని నాకు పడింది. నేను ఒక సాయంత్రమంతా ఆలోచించి నియమాలు రాశాను. చదువు అక్కర్లేకుండా ఉండాలి గనక రాతిపెచ్చులు. ప్రతి మనిషీ రెండు పెచ్చులు తెచ్చుకోవాలి, తెల్లది ఒకటి, నల్లది ఒకటి. తెల్లది వంతుల బల్లకు, నల్లది మేస్త్రీకి. ఏదీ రెండంగుళాలకు మించకూడదు, అంగుళానికి తగ్గకూడదు. టార్పాలిను చాటున రెండు బానలు. వెయ్యదలచిన పెచ్చు మొదటి బానలో, మిగిలింది రెండో బానలో. చప్పుడు తేడా తెలియకుండా బానల అడుగున గోనె పరిచాను. మూతికి కట్టిన గుడ్డకు చెయ్యి పట్టేంత చీలిక. ఎవరు ఏది వేశారో దేవుడికి కూడా తెలియదని గర్వంగా చెప్పాను. మగవాళ్ళు తాము చెక్కిన రాయి నుంచే పెచ్చులు తెచ్చుకోవచ్చన్నాను. ఆడవాళ్ళు చెక్కరు కాబట్టి ఎక్కడైనా ఏరుకోవచ్చన్నాను. మేస్త్రీ ఈ నియమాలన్నీ శ్రద్ధగా విని, ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఓటు గంటా పది నిమిషాలు పట్టింది. ఒకాయన చాటునుంచి తల బయటపెట్టి, "రెండూ ఒకే బానలో వెయ్యొచ్చా? నాకు ఇద్దరూ కావాలి" అన్నాడు. కుదరదన్నాను. ఒక ముసలమ్మ బయటికి వచ్చి, ఏ బాన మొదటిదో మరిచానని మళ్ళీ లోపలికి వెళ్ళబోయింది. ఎడమది మొదటిదని చెబితే, "అయితే సరిగ్గానే ఏశాలే" అని కూర్చుంది. మేస్త్రీ కూడా వేశాడు. అందరి తరవాతా మిలట్రీ వేశాడు.

టార్పాలిను పరిచి మొదటి బాన దాని మీద వంచాను. మేస్త్రీ ముందుకు వచ్చి గొంతుకూర్చున్నాడు. ఒక తెల్లపెచ్చు తీసి ఎండకు పట్టి, తిప్పి చూశాడు. ముందు వరసలో ఉన్న పడుచువాడి వైపు చెయ్యి చాపాడు.

"ఇది నీ ఉలిరా."

ఆ కుర్రవాడికి ఇద్దరు చిన్నపిల్లలు. తల వంచుకున్నాడు. మేస్త్రీ ఇంకొకటి తీశాడు. "ఇది ఎడమచేతోడిది. నల్లదేశాడు, మంచోడు."

నాకు అప్పుడు అర్థమైంది. ఎవరి ఉలి వాళ్ళే సానపెట్టుకుంటారు. ఒకడి ఉలి మొనలో చిన్న నొక్కు, ఒకడిది కాస్త వంకర, ఒకడు ఏటవాలుగా కొడతాడు, ఒకడు నిలువుగా. ప్రతి దెబ్బా రాతి మీద తన గీత వదులుతుంది. ఆ ఇరవై నాలుగు చేతులనూ ఏళ్ళ తరబడి చూసిన మనిషికి అవి ఇరవై నాలుగు ముఖాలు. నేను సైజు చూశాను, చప్పుడు చూశాను, గీత చూడలేదు. మిలట్రీ వైపు చూశాను. "నాకు తట్టలేదు ఓవర్సీరు గారూ" అన్నాడు మెల్లగా. "ఆరేళ్ళు కొయ్య, ఇనుము తప్ప వేరే ముట్టలా."

మేస్త్రీ గొంతులో కోపం లేదు. రేపు పొద్దున్న ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఇప్పుడే చూసుకుంటున్నట్టుంది. మూడోది తీశాడు, తెల్లది. చూసి, కళ్ళు చిట్లించి మళ్ళీ చూశాడు. తన పక్కనే కూర్చున్న, తన ఈడు ముసలాయన వైపు తిరిగాడు. ఇద్దరూ ఒకే ఏడాది ఉలి పట్టినవాళ్ళు. గేటు అవతలి గ్రీసు కొట్టులో అందరికంటే ముందు చేరేది ఈయనే.

"నువ్వా?"

ముసలాయన లేచి నిలబడ్డాడు. "నేనా? నా బిడ్డ మీద ఒట్టు మేస్త్రీ, నేను నల్లదేశా!"

మేస్త్రీ ఇంకొకటి తీశాడు. అదే ఉలి, నల్లది. ఇంకొకటి. అదే ఉలి, మళ్ళీ తెల్లది.

"ఎన్ని ఓట్లేశావురా నువ్వు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిలట్రీ అక్క అంది, "తాతనేమనమాక మావా. ఆయన చెక్కేకాడ నీడ ఉంటది. మేం మంచినీళ్ళు తాగేది ఆడే. పెచ్చులు ఆడే ఏరుకున్నాం. కొందరం ఇంకో చోట ఏరుకున్నాం. ఎవరిది ఎవరు ఏరారో మాకే గుర్తు లేదు."

ఇరవై ఐదు ఉలులు, నలభై మూడు పెచ్చులు. ఆడవాళ్ళు ఓటు వెయ్యకపోతే ఆయన ప్రతి పెచ్చుకూ పేరు చెప్పేవాడు. ఇప్పుడు ఏ పెచ్చు చెక్కినవాడిదో, ఏది ఏరుకున్న ఆడమనిషిదో చెప్పడం ఆయన వల్ల కూడా కాదు. తల వంచుకున్న కుర్రవాడు తల ఎత్తాడు. "అది మా ఆడదాందై ఉంటది మేస్త్రీ" అన్నాడు. వాడి భార్య పక్క నుంచి, "నాదెందుకవుద్ది? నీదే అయ్యుంటది" అంది. ఈసారి అందరూ పైకే నవ్వారు. ఎడమచేతివాడు కూడా, "అయితే నాది నల్లదని ఎట్టా చెప్తావు?" అన్నాడు.

మేస్త్రీ అయినా ఆపలేదు. ఇంకొక తెల్లపెచ్చు తీసి ఎండకు పట్టాడు. ఈసారి పేరు చెప్పలేదు. పక్కన ఉన్న నాకు కూడా కనిపించింది. దగ్గర దగ్గరగా, స్కేలు పెట్టి గీసినట్టు, మూడు సమానమైన గీతలు. క్వారీలో అలా కొట్టే చెయ్యి ఒక్కటే ఉంది. కొత్తగా వచ్చిన నాకే తెలుసు, ఆ ముఠాలో తెలియనివాళ్ళు లేరు. అది ఆయన ఉలి.

ఆయన చెక్కే చోట ఎవరైనా ఏరుకుని ఉండొచ్చు. ఆయన భార్య పద్దెనిమిది మందిలో మూడో వరసలో కూర్చుని ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు. ఆమె ఆయన వైపే చూస్తోంది. ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ పెచ్చును బొటనవేలితో ఒకసారి తుడిచి, తెల్లవాటిలో పెట్టాడు. ఆ పక్కనే ఉన్న నల్లవాటిని చేత్తో విడిగా తోశాడు.

"ఓవర్సీరు గారూ, నాకు కళ్ళు సరిగ్గా ఆనడంలా. మీరే లెక్కెయ్యండి."

నేను రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. బల్లకు తెల్లవి ఇరవై మూడు, మేస్త్రీకి నల్లవి ఇరవై.